కౌన్సిలరు మీద ఎవరికి చెప్పుకోవాలి?

ప్రశ్న: సూపరింటెండెంటు గారికి నమస్కారం. మాది విజయనగరం జిల్లాలో ఒక మున్సిపాలిటీ. మా ఆయన పోయాక వచ్చిన డబ్బుతో పాత పెంకుటిల్లు తీసి చిన్న డాబా కడుతున్నాం. ప్లాను మంజూరైంది. స్లాబు వేసే ముందురోజు, వార్డు కౌన్సిలరు మనిషినని ఒకతను వచ్చి, “ఏటమ్మా, అన్నకి ఒక్క మాట సెప్పకుండా స్లాబు ఏసేస్తారేటి?” అని నలభై వేలు అడిగాడు. ఇవ్వకపోతే పని ఆపించేస్తారట. ఒక ఆఫీసులో అర్జీ ఇస్తే “ఆయన ఎన్నికైన మనిషి, మేమేం చేయలేం” అన్నారు. మరి ఎవరు చేస్తారండీ? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
— ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఆ నలభై వేలు ఇవ్వకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ప్లాను చేతిలో పెట్టుకున్న ఆడమనిషిని కూడా ఇలా బెదిరిస్తున్నారంటే నాకు చాలా కోపం వచ్చింది.

నేను ముప్పై రెండేళ్లు మున్సిపల్ ఆఫీసుల్లో పనిచేశాను. ఇంటి ప్లాను మంజూరు చేసేది కమిషనరు, టౌన్ ప్లానింగ్ వాళ్లు. ఆ ఫైల్లో కౌన్సిలరు సంతకానికి చోటే లేదు. ప్లాను ప్రకారం కడుతున్న పనిని ఆపే అధికారమూ ఆయనకు లేదు. మహా అయితే “అక్కడ డీవియేషన్ (ప్లానుకు తేడా) ఉంది, చూడండి” అని ఆఫీసుకు ఫోన్ చేయించగలడు. అందుకే మేస్త్రీని పిలిచి, నాలుగు వైపులా వదలాల్సిన ఖాళీ ప్లానులో ఉన్నట్టే వదిలారో లేదో టేపు పెట్టి కొలిపించండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. మన జుట్టు వాళ్ల చేతికి ఇవ్వకూడదు.

“మేమేం చేయలేం” అన్న మాటలో సగం నిజం ఉంది. గుమాస్తా తప్పు చేస్తే పైవాళ్లు మెమో ఇస్తారు, సస్పెండ్ చేస్తారు. కౌన్సిలరుకు అలాంటి పైఅధికారి లేడు. కానీ లంచం అడగడం నడవడికకు సంబంధించిన సంగతి కాదు, నేరం. రాజస్థాన్‌లో ఒక మున్సిపల్ కౌన్సిలరు, తాను పబ్లిక్ సర్వెంటును కానని, అవినీతి నిరోధక చట్టం తనకు వర్తించదని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1988 నాటి ఆ చట్టం కింద కౌన్సిలరు కూడా పబ్లిక్ సర్వెంటేనని 2013లో కోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి మీరు వెళ్లాల్సిన చోటు ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ. 1064కు ఫోన్ చేసినా వింటారు. కౌన్సిలరు పేరు వాడుకుని డబ్బు అడిగిన ఆ మనిషి మీదా కేసు పెట్టొచ్చు.

అర్జీ రాసేటప్పుడు “మా కౌన్సిలరు అవినీతిపరుడు” అని రాయకండి. అది అభిప్రాయం అవుతుంది. ఫలానా తేదీన, ఇన్ని గంటలకు, ఫలానా మనిషి వచ్చి, ఈ మాటలు అన్నాడు, అప్పుడు మేస్త్రీ పక్కనే ఉన్నాడు, అని రాయండి. “అన్నకి సెప్పకుండా” అన్న మాటను కూడా ఉన్నదున్నట్టు రాయండి. ఆ మనిషికీ కౌన్సిలరుకూ ఉన్న లింకు తెలిసేది అక్కడే. ఫోన్ వచ్చి ఉంటే కాల్ లిస్టు చెరపకండి. మీరుగా కౌన్సిలరు ఇంటికి వెళ్లి బతిమాలకండి, వాళ్లు జాగ్రత్త పడిపోతారు. వల పన్నాలా వద్దా అన్నది ఏసీబీ వాళ్లు చూసుకుంటారు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాసి ఇస్తారు. తీసుకున్నవాడి చేతులు చాకలి సోడా కలిపిన నీళ్లలో ముంచితే గులాబీ రంగు వస్తుంది.

ఇంకో సంగతి. 2018లో చట్టం మార్చాక లంచం ఇచ్చినవాళ్లూ దోషులే. బలవంతం మీద ఇచ్చామని ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేసినవాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. ఈ ఉత్తరం అచ్చయ్యేలోగా మీరు భయపడి ఇచ్చేసి ఉంటే, ఆ ఏడు రోజులూ లెక్కపెట్టుకోండి తల్లీ.

ప్రశ్న: మా అమ్మాయి టొరంటోలో ఉంటుంది. అక్కడ సిటీ కౌన్సిలర్ల ప్రవర్తన మీద ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చట, విచారించడానికి ప్రత్యేకంగా ఒక కమిషనరు ఉంటారట. మన ఊళ్లలో అలాంటిది ఎందుకు లేదు?
— ఒక రిటైర్డ్ టీచరు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, మీ అమ్మాయి చెప్పింది నిజమే. కెనడాలో మొట్టమొదట ఒక నగరానికి ఇంటెగ్రిటీ కమిషనర్ వచ్చింది టొరంటోలోనే, 2004లో. అక్కడ రాబ్ ఫోర్డ్ అనే కౌన్సిలరు, నగరం లెటర్‌హెడ్ మీద తన ఫుట్‌బాల్ ఫౌండేషన్‌కు చందాలు అడిగారు. మంచి పనికే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఇచ్చినవాళ్లలో నగరంతో పని ఉన్నవాళ్లూ ఉన్నారు. 3,150 డాలర్లు తిరిగి ఇచ్చేయమని 2010లో కౌన్సిల్ చెప్పింది. తరువాత ఆయన మేయరై, ఆ డబ్బు కట్టనక్కర్లేదన్న తీర్మానం మీద తానే మాట్లాడి తానే ఓటేశారు. 2012లో ఒక జడ్జి, ఆయన మేయరు పదవి పోయినట్టే తీర్పు ఇచ్చారు, 2013లో అప్పీలులో అది నిలవలేదు. అక్కడ కూడా కౌన్సిల్ వేయగలిగే పెద్ద శిక్ష తొంభై రోజుల జీతం ఆపడమే, పదవి తీసేయలేరు. అయినా ఒక లెటర్‌హెడ్ గురించి అంత విచారణ జరిగింది చూడండి. మన దగ్గర వార్డులో ఉత్సవానికి చందా పుస్తకం పట్టుకుని కౌన్సిలరు షాపుకు వస్తే, ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ గుర్తొచ్చి ఎంతమంది కాదనగలరు?

మన దేశంలో రాజ్యసభకు 1997 నుంచి, లోక్‌సభకు 2000 నుంచి సభ్యుల నడవడిక చూసే ఎథిక్స్ కమిటీలు ఉన్నాయి. మున్సిపల్ కౌన్సిళ్లకు అలాంటిది లేదు. మన రాష్ట్రంలో అధికారుల, నాయకుల మీద ఫిర్యాదులు విచారించే లోకాయుక్త కిందికి 1983 చట్టం మేయర్లను పేరుపెట్టి చేర్చింది. అది మంచిదే, కానీ మీ వీధి కౌన్సిలరు సంగతి అడగడానికి అంత దూరం ఎవరు వెళ్తారు? కేరళలో పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ప్రత్యేకంగా అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు విచారించే అధికారి, ఉన్నారు. 2007లో రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ అన్ని రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థలకు అంబుడ్స్‌మన్ ఉండాలని చెప్పింది. మన ఉత్తరాంధ్రకు అలాంటివారు ఒకరు కావాలి. వారానికో రోజు విజయనగరంలో, మరో రోజు శ్రీకాకుళంలో కూర్చుంటే చాలు.

ఇలా ఎందుకు అంటున్నానో చెప్తాను. మున్సిపాలిటీతో కాంట్రాక్టులో వాటా ఉన్నవాళ్లు సభ్యులుగా ఉండటానికి చట్టం ఒప్పుకోదు. కాగితం మీద మాత్రం పేరు వేరే ఉంటుంది. చాలా ఏళ్ల కిందట, ఊరి పేరు ఎందుకులెండి, ఒక కల్వర్టు బిల్లు నా టేబుల్ మీదికి వచ్చింది. చేయించింది ఒక కౌన్సిలరు బావమరిది అని ఊరంతటికీ తెలుసు. ఎం బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) రాసిన పొడవుకూ నేలమీద ఉన్న పొడవుకూ రెండు మీటర్లు తేడా. “మళ్లీ కొలిచాక చెల్లించవచ్చు” అని ఫైల్లో నోటు రాశాను. పదహారో రోజున నాకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. పిల్లల పరీక్షలప్పుడు సామాను సర్దుకున్నాం. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ నోటు మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది. రెండేళ్ల తరువాత ఆడిట్ వాళ్లు దాన్నే పట్టుకుని, ఎక్కువిచ్చిన డబ్బు తిరిగి వసూలు చేయాలని రికవరీ రాశారు. అప్పట్లో నేను చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండి ఉంటే, ఆ నోటు రెండేళ్లు ఆగాల్సిన పని ఉండేది కాదు.

ప్రశ్న: మా శ్రీకాకుళంలో 2010 తరువాత 2014లోనూ, 2021లోనూ మున్సిపల్ ఎన్నికలే జరగలేదు. ప్రత్యేకాధికారి పాలనలో జరిగిన పనుల మీద అనుమానం ఉంటే ఎవరిని అడగాలి?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ప్రత్యేకాధికారి ఉద్యోగి కాబట్టి 1964 ప్రవర్తనా నియమాలు ఆయనకు వర్తిస్తాయి, పైన అధికారులు ఉన్నారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. కానీ కౌన్సిల్ హాల్లో లేచి నిలబడి అడిగే మనిషి మీకు లేడు, ఆ లోటు పెద్దది. దాన్ని కొంతైనా పూడ్చేది సమాచార హక్కు చట్టం. పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. “పనుల వివరాలు ఇవ్వండి” అని రాస్తే ఒక పేజీ పట్టిక పంపి చేతులు దులుపుకుంటారు. ఫలానా వీధిలో ఫలానా కాలువ పనికి సంబంధించి ఎస్టిమేటు, ఎం బుక్ పేజీలు, నోట్ ఫైలు, ప్రత్యేకాధికారి తీర్మానం, వీటి నకళ్లు కావాలని విడివిడిగా రాయండి. ముప్పై రోజుల్లో రాకపోతే ఆ తరువాతి ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. నకళ్లు చేతికొచ్చాక టేపు పట్టుకుని కాలువ దగ్గరికి వెళ్లండి, పక్కన ఇంకో ఇద్దరిని తీసుకువెళ్లండి.