ఖాళీ రీలుకు అర పెన్నీ

అమ్మాయికి,

స్కాట్లాండ్‌లోని పైస్లీ ఊరి టౌన్ హాల్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివి కోపం తెచ్చుకున్నాను, ఒక పూట ఆగి మళ్ళీ చదివాను. "కాశ్మీరు శాలువాలను అనుకరించి సంపాదించిన సొమ్ముతో లేచిన హాలు" అని రాశావు. కాదమ్మా. ఆ శాలువాల మీదా, అమ్మమ్మ చీర అంచు మీదా ఉండే మామిడి పిందెను లోకమంతా ఈ ఊరి పేరుతో "పైస్లీ" అని పిలుస్తుందని తెలిసి మురిసిపోయావు, ఆ మురిపెంలో సంవత్సరాలు సరిచూసుకోలేదు. 1840ల్లోనే ఊరు ఒకసారి దివాలా తీసింది. 1870లు వచ్చేసరికి శాలువాల ఫ్యాషనే పోయింది. హాలు తెరిచింది 1882లో. మరి డబ్బెక్కడిది?

దారానిది. నెపోలియన్ యుద్ధాల్లో పట్టు రావడం ఆగిపోయినప్పుడు, మగ్గంలో పడుగు పోగుల్ని ఎత్తి దించే పట్టు దారాలకు బదులు క్లార్క్ కుటుంబం అంత నున్నగా నూలు దారం తీసింది, తర్వాత అదే కుట్టుదారమైంది. రీలుకు చుట్టి ఇస్తే అర పెన్నీ ఎక్కువ, ఖాళీ రీలు తెచ్చిస్తే ఆ అర పెన్నీ వాపసు. ఆ ఇంటివాడు జార్జ్ ఎయిట్‌కెన్ క్లార్క్ 1873లో పోయాడు. హాలు కోసం వీలునామాలో 20,000 పౌండ్లు రాశాడు, చాలనిది ఇంట్లోవాళ్ళు వేసుకున్నారు. 1871లో మ్యూజియం, 1883లో అబ్జర్వేటరీ ఇచ్చిన కోట్స్ కుటుంబానిదీ దారం వ్యాపారమే, అప్పట్లో క్లార్క్ వాళ్ళకు పోటీదారులు.

కట్టడం గురించి రాసేవాళ్ళు ముందు ఎవరి డబ్బు, ఎవరి కష్టం అని అడగాలి, స్తంభాల సంగతి తర్వాత. నలభై ఏళ్ళుగా ఈ మాట మీదే ఉన్నాను, దీనికోసం దెబ్బలూ తిన్నాను. మా ఊరి మున్సిపల్ ఆఫీసు మీద రాసినప్పుడు, చిన్నప్పుడు అక్కడ గానుగ సున్నం పని చేసిన ఒక ముసలమ్మను పట్టుకున్నాను. గానుగ తిప్పిన ఎద్దు పేరు కూడా చెప్పిందావిడ. ఒక వారపత్రిక ఎడిటర్ గారు ఆ పేరా మొత్తం ఎర్ర సిరాతో కొట్టేసి, గడియారం ఫోటో పెద్దది వేశారు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది, తీసి చూసినప్పుడల్లా కడుపు మండుతుంది. ఇప్పుడు ఎవరిని చూసినా "అద్భుత శిల్పకళ", "గత వైభవం", డ్రోన్ ఫోటోలు. నువ్వు కూడా ఆ దారి పట్టావేమో అని భయమేసింది.

కానీ ఏడో పేజీలో ఒక్క వాక్యం ఉంది చూడు: 1887లో ఫెర్గస్లీ మిల్లు దగ్గర కోట్స్ వాళ్ళు కట్టించిన హాఫ్ టైమ్ స్కూలు. సగం కాలం మిల్లులో, సగం కాలం బడిలో గడిపిన పిల్లలు! అక్కడ నా చేయి ఆగిపోయింది. ఊరికి హాలూ మ్యూజియమూ ఇచ్చిన దారం ఆ పిల్లల వేళ్ళ మధ్య నుంచి పోయిందే కదా, దాన్ని ఒక్క వాక్యంతో ఎలా దాటేశావమ్మా?

ఏ పత్రికకు పంపాలని అడిగావు, అది తర్వాత చూద్దాం. ముందు ఆ బడిని మొదటి పేజీకి తెచ్చి, స్తంభాలను రెండు పేరాలకు కుదించి, మళ్ళీ నాకే పంపు.

ఆశీస్సులతో.