ఫ్యూయల్ సెల్‌ను విప్పకుండానే లోపాన్ని గుర్తించవచ్చు

కావలి నుంచి అడిగిన మిత్రులకు: మీ కళాశాల ప్రయోగశాలలోని హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్‌కు (హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ కలయికతో కరెంటు పుట్టించే పరికరం) లోడు పెట్టిన కాసేపటికే వోల్టేజీ పడిపోతోందని రాశారు. లోపల నీరు నిండినా, పొర (సెల్ మధ్యలో తడిగా ఉంటేనే ప్రోటాన్లను బాగా దాటనిచ్చే పలుచని తెర) ఎండినా లక్షణం అదే కనుక వోల్ట్‌మీటరు ఒక్కటే చూసి తేల్చలేము. బ్యాటరీల అంతర్గత నిరోధాన్ని కొలిచే 1 కిలోహెర్ట్జ్ ఏసీ మీటరును, లోడు నడుస్తుండగానే, సెల్ కొనలకు కలిపి చూడండి. కొనల బిగింపు వదులైనా నిరోధం పెరుగుతుంది కనుక ముందు దానిని సరిచూసుకోండి. నిరోధం పెరుగుతూ పోతే పొర ఎండుతున్నట్టు. అది దాదాపు కదలకుండా వోల్టేజీ మాత్రం కుంగుతూ, గాలి మార్గంలో పీడన నష్టం (గాలి లోపలికి వెళ్లే చోటికీ బయటికి వచ్చే చోటికీ మధ్య పీడనంలో తేడా) పెరుగుతుంటే నీరు అడ్డుపడినట్టు. మే నెల వడగాడ్పుల్లో, మన నెల్లూరు జిల్లాలోనైతే, నేను పొర ఎండడాన్నే ముందు అనుమానిస్తాను. నీరే అయితే గాలి ప్రవాహాన్ని కొద్దిసేపు పెంచగానే వోల్టేజీ తేరుకుంటుంది; పొర ఎండినప్పుడు అదే పని చేస్తే మరింత దిగజారుతుంది.