రోగనిరోధక కణాలతో క్యాన్సర్ పరీక్ష: డబ్బు కట్టి చేయించుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 35 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మా అమ్మకు 44 ఏళ్ల వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో అయ్యాయి, ఇప్పుడు బాగానే ఉంది. రోగనిరోధక కణాలను మార్చి క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పరీక్ష వచ్చిందని ఒక వీడియోలో చూశాను. తెలిసినాయన ఒకరు ‘రక్తం ఇస్తే చాలు, చేయిస్తాం’ అంటూ చాలా డబ్బు అడుగుతున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. చేయించుకోవాలా?

జవాబు: వద్దమ్మా, ఆ డబ్బు కట్టకండి. వీడియోలో చెప్పిన పరిశోధన నిజంగానే జరుగుతోంది. మీకు అమ్మజూపుతున్న పరీక్షకూ దానికీ సంబంధం లేదు.

రోగనిరోధక కణాల పైపొరలో రిసెప్టర్లు ఉంటాయి. కాలింగ్ బెల్‌కు స్విచ్ బయట, మోత లోపల ఉన్నట్టే, రిసెప్టర్ బయటి కొస శత్రువును గుర్తిస్తుంది, లోపలి కొస కణానికి సంకేతం పంపుతుంది. ఈ రెండు కొసలనూ ఇప్పుడు మార్చగలుగుతున్నారు. కార్-టి చికిత్స అలా పుట్టిందే. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన నెక్స్‌కార్19 అనే కార్-టి చికిత్సకు మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి లభించింది. అందులో రోగి టి కణాలకు (ఇవి ఒక రకం రోగనిరోధక కణాలు) సీడీ19 అనే ప్రొటీన్‌ను గుర్తించే రిసెప్టర్‌ను అమర్చి తిరిగి ఎక్కిస్తారు. అది కొన్ని రకాల రక్త క్యాన్సర్లు మామూలు మందులకు లొంగనప్పుడు ఇచ్చే చికిత్స. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చేది కాదు.

వ్యాధిని కనిపెట్టే పని వేరే దారిలో సాగుతోంది. మాక్రోఫేజ్ అనే మరో రకం రోగనిరోధక కణాలు కణితి దగ్గరికి చేరాక వాటి లోపల కొన్ని జన్యువులు మేల్కొంటాయి. 2019లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు అలా మేల్కొనే ఒక జన్యువు మీటకు, వెలుగునిచ్చే ఎంజైమ్ తయారీని ముడిపెట్టారు. ఆ కణాలను ఎలుకలకు ఎక్కించి, తర్వాత రక్తంలో ఆ ఎంజైమ్ కోసం వెతికితే సుమారు 4 మిల్లీమీటర్ల కణితి ఉన్నా తెలిసింది. ఎంతో ఆశ కలిగించే ఫలితం. కానీ అది ఎలుకల్లో. పైగా గమనించండి, ముందు మార్చిన కణాలను ఒంట్లోకి ఎక్కించాలి. ఊరికే రక్తం తీసుకుని ‘అదే పరీక్ష’ అంటే నమ్మకండి.

ఇక మీ సంగతి. తల్లికి చిన్న వయసులో వచ్చింది కాబట్టి మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తల్లికి వచ్చిన వయసుకు పదేళ్ల ముందు నుంచి కూతురికి పరీక్షలు మొదలుపెట్టమంటాం. అంటే మీకు ఆ సమయం వచ్చేసింది. మామోగ్రామ్, అవసరమైతే ఎంఆర్ఐ, ఏది ఎప్పుడన్నది డాక్టర్ చూసి చెబుతారు. రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే వంశపారంపర్య మార్పులను చూసే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష ముందుగా మీ అమ్మగారికి చేయిస్తే మంచిది. ఆమెలో మార్పు కనబడితే మీకు కచ్చితంగా దాని కోసమే చూడవచ్చు. అమ్మగారి పాత బయాప్సీ రిపోర్టు తీసుకుని గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్)లోని నాట్కో క్యాన్సర్ సెంటర్‌కు గానీ, మీకు నమ్మకమున్న క్యాన్సర్ డాక్టర్ దగ్గరికి గానీ వెళ్లండి. నెలసరి మొదలైన వారం తర్వాత వెళితే రొమ్ముల్లో నొప్పి, గట్టిదనం తక్కువగా ఉండి పరీక్ష సులువవుతుంది. గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం లాంటి స్రావం వచ్చినా మాత్రం రోజులు లెక్కపెట్టకుండా వెంటనే చూపించుకోండి.