తెర మీద లేపాక్షి

ప్రశ్న: 8వ తరగతికి సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. లేపాక్షి చిత్రాలను ప్రొజెక్టరుపై చూపితే పిల్లలు చూసి ఊరుకుంటున్నారు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని, అనంతపురం

జవాబు: బహుశా ఒకేసారి ఎక్కువ బొమ్మలు చూపుతున్నారేమో. విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో, వీరభద్రాలయం పైకప్పుపై వేసిన ఆ చిత్రాలను గుడిలో మెడ ఎత్తి చూసినప్పుడు సరిగా అందని చీరల అంచులు, నగలు, పొడవాటి కుళ్లాయిలు తెరపై పెద్దవి చేస్తే స్పష్టంగా కనిపిస్తాయి. యంత్రం వల్ల అసలు ప్రయోజనం అదే. అందుచేత ఒక్క చిత్రాన్నే ఎంచుకుని, కథ ముందుగా చెప్పకుండా, ఒక్కో భాగం దగ్గర ఆగి, ఎవరు ఎటు చూస్తున్నారో, ఏ రంగులు ఎక్కువగా ఉన్నాయో పిల్లలచేతనే రాయించండి. ఆ తర్వాత తెర ఆపి, గుర్తున్నంత గీయమనండి. గీత కుదిరిందా లేదా అన్నది (డ్రాయింగు మాస్టారు ఒప్పుకోకపోవచ్చు) ఇక్కడ ముఖ్యం కాదు. కరెంటు లేని రోజున రంగుల అచ్చుప్రతి ఒక్కటి ఉన్నా పాఠం సాగుతుంది.