మాయాబజార్ మొదట్లోని పెట్టె ఏం చెబుతుంది?

సినిమా మొదలైన కాసేపట్లోనే పాత్రలు, వాళ్ల మధ్య బంధాలు మనకెలా అర్థమవుతాయి అని అడిగారు. నాకు వెంటనే గుర్తొచ్చేది 1957 నాటి 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె. మూత తెరిచి చూస్తే, చూసినవాళ్లకు బాగా ఇష్టమైనది అందులో కనిపిస్తుంది. (ఇప్పటి పిల్లలకు చూపిస్తే ల్యాప్‌టాప్ అంటారు!)

బలరాముడి కూతురు, చిన్నారి శశిరేఖ చూస్తే అభిమన్యుడు. బలరాముడికి ప్రియశిష్యుడు దుర్యోధనుడు. బలరాముడి భార్య రేవతికి నగలూ మణులూ. కృష్ణుడు చూస్తే మాత్రం శకుని! అదెలా ప్రియమైనదంటారా? ఆయన మనసంతా అతని ఎత్తుల మీదే ఉందన్నమాట. నా లెక్కలో ఈ సీను మొత్తానికి ప్రాణం ఆ శకుని ముఖమే.

"ఈమెకు డబ్బంటే ఆశ", "ఈయన అమాయకుడు" అని ఎవరి చేతా చెప్పించలేదు. కానీ తర్వాత పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే శశిరేఖను అభిమన్యుడికిస్తామన్న మాటను రేవతి మార్చినా, దుర్యోధనుడి కొడుక్కి పిల్లనివ్వడానికి బలరాముడు ఒప్పుకున్నా మనం ఆశ్చర్యపోం. ముందే చూసేశాం కదా.

ఇక శైలి సంగతి. పురాణ పాత్రలే అయినా పుట్టినరోజు సందడిలో మనింటి మనుషుల్లా మాట్లాడుకుంటారు, మాయ వాళ్ల మధ్యలోకి ఒక ఆటవస్తువులా వస్తుంది. దర్శకుడు కె.వి.రెడ్డి, కెమెరామన్ మార్కస్ బార్ట్లే సినిమా అంతా ఇదే పద్ధతిలో నడిపారు.