మొక్కల లెక్క సరే, వేళ్లకు మన్నుందా?

ప్రశ్న: మాది అనంతపురం, పదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. సర్జాపూర్ రోడ్డు దగ్గర నాలుగెకరాల్లో కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొన్నాం. బ్రోషర్‌లో ఎటు చూసినా చెట్లే. తీరా వచ్చి చూస్తే లాన్, కుండీల్లో అరెకా పామ్‌లు, గోడ వారగా ఇరికించి నాటిన మొక్కలు. ‘రూల్ ప్రకారం రెండు వందల మొక్కలు పెట్టేశాం’ అంటున్నారు బిల్డర్ వాళ్లు. వచ్చే నెల అసోసియేషన్‌కి అప్పగిస్తారట. అలాంటి రూల్ ఉందా? మేం ఏం అడగొచ్చు?
– ఒక పాఠకురాలు

జవాబు: రూల్ ఉందమ్మా. కట్టిన విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2.15 లక్షల చదరపు అడుగులు దాటితే 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి తీసుకోవాలి. నాలుగెకరాల అపార్ట్‌మెంట్ అంటే మీది దాటే ఉంటుంది. 2019 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నమూనా షరతుల్లో ప్రతి 80 చదరపు మీటర్ల స్థలానికి కనీసం ఒక చెట్టు నాటి పెంచాలని ఉంది. నాలుగెకరాలంటే 16,187 చదరపు మీటర్లు, 80తో భాగిస్తే 202. వాళ్లు చెప్పిన రెండు వందలు బహుశా ఇక్కడి నుంచే వచ్చి ఉంటాయి. ముందు నుంచి ఉన్న చెట్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అనుమతి తీసుకుని ఒక చెట్టు కొట్టేస్తే బదులుగా పది నాటాలన్న షరతూ అందులోనే ఉంది. మీ ప్రాజెక్టుకు ఏ షరతులు పెట్టారో అనుమతి పత్రంలోనే రాసి ఉంటుంది, పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ వెబ్‌సైట్‌లో వెతకండి, లేదా బిల్డర్‌నే కాపీ అడగండి. షరతులు ఎంతవరకు పాటించారో ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి రిపోర్టు ఇవ్వాలి, అది ఎవరైనా చూడదగ్గ పత్రమే కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

కానీ నా టెన్షన్ ఆ రెండు వందల గురించి కాదు. ఆ మొక్కల కింద ఏముంది? ఈ రోజుల్లో బేస్‌మెంట్ పార్కింగ్ దాదాపు గోడ నుంచి గోడ దాకా తవ్వేస్తున్నారు, పైన మనకు కనిపించే తోట నిజానికి కార్ల నెత్తిన ఉన్న స్లాబు. దాని మీద అడుగు లోతు మన్ను పోస్తే గడ్డి పెరుగుతుంది, నందివర్ధనం లాంటి పొదలు కూడా ఎలాగోలా బతుకుతాయి, కానీ నీడనిచ్చే చెట్టుకు కనీసం మూడు నాలుగు అడుగుల మన్ను కావాలి, ఆ బరువు, ఆ తడి మోసేలా స్లాబునూ వాటర్‌ప్రూఫింగ్‌నూ ముందే కట్టి ఉండాలి. కట్టడం అయిపోయాక మన్ను పెంచుతామంటే కుదరదు. అందుకే బేస్‌మెంట్ డ్రాయింగూ ల్యాండ్‌స్కేప్ డ్రాయింగూ రెండూ తెప్పించి పక్కపక్కన పెట్టి చూడండి. బేస్‌మెంట్ గీతకు బయట అసలు నేల ఎక్కడ మిగిలిందో తెలుస్తుంది, పెద్ద చెట్లన్నీ అక్కడికే రావాలి. ఫైరింజన్ తిరగాల్సిన దారిని మాత్రం ఖాళీగా వదిలేయండి, అందులో రాజీ లేదు.

రెండడుగులకో మొక్క ఇరికించి ఉంటే లెక్కకు సరిపోతుంది గానీ అవి ఒకదాన్నొకటి తినేస్తాయి. కానుగ, వేప, నేరేడు లాంటి వాటికి మధ్య పదిహేను, ఇరవై అడుగుల ఎడం ఉండాలి. చోటు తక్కువైతే పొగడ, సంపెంగ బాగుంటాయి. మర్రి, రావి బేస్‌మెంట్ గోడ దగ్గర వద్దు. అరెకా పామ్‌ని చెట్ల లెక్కలో వేయడానికి నేనైతే ఒప్పుకోను, అది నడినెత్తి ఎండలో ఒక పిల్లాడికి కూడా నీడ ఇవ్వలేదు.

అప్పగింత సంతకం పెట్టకముందే చెట్ల జాబితా, బతికినవెన్నో, చచ్చినవెన్నో బిల్డర్‌తో కలిసి నడుస్తూ లెక్కపెట్టి రాయించుకోండి. ఆమోదం పొందిన ప్లాన్‌లో పార్కు అని చూపిన చోటును, కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా మార్చకూడదని 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం చెబుతోంది, మారిస్తే రెరా సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు. ఇక నీళ్లంటారా, 2024 ఎండాకాలంలో ఈ ఊరు బిందెలు పట్టుకుని ట్యాంకర్ల వెంట పరుగెత్తింది, కాబట్టి మొక్కలకు ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీళ్ల లైను ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. మొదటి రెండు మూడు ఎండాకాలాలు దాటించారంటే కానుగ తన బతుకు తను చూసుకుంటుంది.

ప్రశ్న: కె.ఆర్.పురంలో మా 30×40 సైటులో పాత కానుగ చెట్టు ఉంది. ఇల్లు కట్టాలంటే తీసేయాల్సిందేనంటున్నాడు మేస్త్రీ. మన సైటులోదే కదా, పర్మిషన్ కావాలా?
– ఒక పాఠకుడు

జవాబు: కావాలండీ. కర్ణాటకలో 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టం సొంత స్థలానికీ వర్తిస్తుంది. కొబ్బరి, నీలగిరి, సరుగుడు, సుబాబుల్ లాంటి కొన్నింటికే మినహాయింపు, కానుగకు లేదు. ఆ చట్టం కింద అనుమతులిచ్చే ట్రీ ఆఫీసర్‌కు దరఖాస్తు పెడితే వచ్చి చూస్తారు. చుట్టూ బెరడు చెక్కేయడం, మందు పోయడం, కాల్చడం కూడా ఆ చట్టం ప్రకారం చెట్టును కొట్టేసినట్టే, కాబట్టి అలాంటి సలహా ఎవరిచ్చినా వినొద్దు. దరఖాస్తు కంటే ముందు మీ ఇంజనీర్‌తో ఒక్కసారి కూర్చోండి. చెట్టు సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో ఉంటే మెట్లో, నీళ్ల సంపో జరిపితే సరిపోవచ్చు. ఉంచుకుంటే మొదలు చుట్టూ మీటరు మేర సిమెంటు పడనివ్వకండి, ఢిల్లీ చెట్ల విషయంలో 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది కూడా అదే.