రిసీవర్ సంగతి తర్వాత, ముందు కాపలా చూడండి

ప్రశ్న: మా అబ్బాయి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కాన్సస్ సిటీ చీఫ్స్‌కు అభిమాని. సీజన్ అయిపోతే చాలు, ‘ఈసారి మంచి రిసీవర్‌ను తెచ్చుకోవాలి’ అని ఒకటే గోల. అసలు జట్టుకు ఎవరు అవసరమో ఎలా తేలుస్తారండీ?
– ఒక తల్లి, ఓవర్‌ల్యాండ్ పార్క్, కాన్సస్

జవాబు: మీవాడికి వాళ్ళ జట్టు కథే చెప్పండమ్మా. 2021 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో టాంపా బే చేతిలో 31-9తో చిత్తయ్యారు. తొమ్మిది పాయింట్లే కదా, బంతి పట్టే రిసీవర్లు లేరనుకుంటాం. నేనైతే ఆ మ్యాచ్‌లో బంతిని వదిలేసి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ ముందు కాపలాగా నిలబడే ఐదుగురి లైన్‌ను చూడమంటాను. ఆ లైన్‌లో రెండు వైపులా నిలబడే ప్రధాన టాకిల్స్ ఫిషర్, ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో ఆడనే లేదు. పాపం, మహోమ్స్‌కు వెనక్కి పరిగెత్తడంతోనే సరిపోయింది.

మార్చిలో ఆ ఇద్దర్నీ ఒకే రోజు వదిలేశారు. కఠినమే, కానీ జీతాల మొత్తానికి లీగ్ పరిమితి ఉంది. గాయపడ్డవాళ్ళ జీతమూ అందులోనే. తర్వాత లైన్ కోసమే జో తూనీకి ఐదేళ్ళకు 8 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు. ఓర్లాండో బ్రౌన్‌ను బాల్టిమోర్ నుంచి ట్రేడ్‌లో తెచ్చారు. కాలేజీ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లో క్రీడ్ హంఫ్రీ, ఆరో రౌండ్‌లో ట్రే స్మిత్. ఆరో రౌండ్‌లో అలాంటివాడా! నాకిప్పటికీ ఆశ్చర్యమే.

2023 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఈగల్స్ జట్టును 38-35తో ఓడించినప్పుడు ఈ నలుగురూ ముందున్నారు. ఈగల్స్ మహోమ్స్‌ను ఒక్కసారి కూడా శాక్ చేయలేకపోయారు, అంటే బంతి విసిరేలోపు పడగొట్టలేకపోయారు. మీవాడు ఈసారి రిసీవర్ పేరు ఎత్తితే, లైన్‌లో ఎవరి కాంట్రాక్ట్ ముగుస్తోందో, ఎవరి మోకాలు బాగా లేదో అడగండి.